నడుము నొప్పికి నొక్కించుకోవడమా, వ్యాయామమా?

అక్కా, మీ ఆయనకు ఏళ్లుగా ఉన్న నడుము నొప్పి ఫిజియోథెరపిస్టు చేత్తో నొక్కితే రెండు రోజులు తగ్గి మళ్ళీ మొదటికే వస్తోందనీ, ఆ ఖర్చు మానేసి ఇంట్లో వ్యాయామం చేయించుకుంటే చాలదా అనీ అడిగారు. ఖర్చు దండగ కాదు. కానీ హాయిగా ఉన్న ఆ రెండు రోజులూ ఆయన ఏం చేస్తున్నారన్నదే అసలు సంగతి.

నేను పుట్టపాకలో గుంట మగ్గం నేస్తాను. కాళ్లు గుంటలో, ఒళ్లు ముందుకు వంగి, పొద్దుగూకే దాకా అదే కూర్చోవడం. నడుము ఊరుకుంటుందా! నల్లగొండలో నాకు చికిత్స చేసినావిడ బోర్లా పడుకోబెట్టి వెన్నుపూసలకు ఇరుపక్కలా బొటనవేళ్లతో నిదానంగా నొక్కేవారు. బిగిసిన కండ కాస్త సడలగానే "లేవండి, ఇప్పుడే చేయాలి" అని చాప మీదికి దింపేవారు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తి ఆపడం మొదటిది. తర్వాత మోకాళ్ల మీద, అరచేతుల మీద ఆనుకుని కుడిచేయి ముందుకూ ఎడమకాలు వెనక్కూ చాపడం. నడుము ఊగిందంటే కాలు దించి మళ్ళీ మొదలుపెట్టమనేవారు. ఇంటి దగ్గర నొప్పికి జంకి సగంలో ఆపేసేవి, నొక్కిన వెంటనే అయితే పూర్తిగా చేయగలిగాను.

"పూస జరిగింది, ఎక్కిస్తాను" అనేవారిని నమ్మకండి. చేతి చికిత్స నొప్పిని కొంతసేపు తగ్గించి కదలికను సులువు చేస్తుంది, అంతే. బలం రావాలంటే వ్యాయామమే. బ్రిటన్‌లో 2016లో వైద్యులకు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చేతి చికిత్సను వ్యాయామంతో కలిపితేనే వాడమన్నాయి. మీరు అడిగిన నడుము బెల్టు సంగతి: దీర్ఘకాలిక నడుము నొప్పికి అది వద్దనే 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

మీది ఫ్లోరైడ్ నీళ్ల బాధ పడ్డ మర్రిగూడ వైపు అన్నారు కాబట్టి ఒక మాట. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు తాగినవారిలో కొందరికి వెన్నెముక గట్టిపడి, ఎముకలను కలిపే లిగమెంట్లలో కూడా సున్నం పేరుకుంటుంది. అలాంటి నడుమును విరిచి టక్కుమనిపించడం ప్రమాదం. ముందు ఎక్స్‌రే తీయించి డాక్టరుకు చూపించండి. ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత నడుము తొక్కించే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది, పెద్దవాళ్లు ఎంత చెప్పినా దాని జోలికి పోకండి. మూత్రం ఆగిపోయినా, పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు పట్టు తగ్గినా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

మీ ఆయన ఆటో నడుపుతారు కదా, సవారీల మధ్య ఖాళీలో సీట్లోనే కునుకు తీయకుండా దిగి నాలుగడుగులు నడవమనండి. నొక్కించుకోవడం మెల్లగా తగ్గించుకుంటూ పోవచ్చు, చాప మీది వ్యాయామం మాత్రం రోజూ ఉండాలి. ఎన్నిసార్లు వెళ్లినా నొక్కి డబ్బు తీసుకోవడమే తప్ప ఒక్క వ్యాయామమూ నేర్పకపోతే ఇంకొకరిని చూసుకోండి.