సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పంపుల షాపుల్లా, ఒకే రకం షాపులన్నీ పక్కపక్కనే ఎందుకుంటాయి? దీనికి లెక్కేమైనా ఉందా?

లెక్క ఉంది. కాకపోతే అందరూ ముందు చెప్పేది ఆర్థికవేత్త హోటలింగ్ 1929లో ఇచ్చిన మోడల్, బీచ్‌లో రెండు ఐస్‌క్రీమ్ బండ్లు నడిమధ్యకి జరిగి పక్కపక్కనే ఆగిపోయే కథ దాన్నుంచి వచ్చిందే. ధరలు కూడా వాళ్లే మార్చుకోగలిగితే ఆ ఫలితం నిలబడదని 1979లో తేల్చారు, కొనేవాడి రవాణా ఖర్చు దూరం వర్గంతో (స్క్వేర్‌తో) పెరిగితే ఇద్దరూ చెరో చివరికి పోతారట. మీరడిగిన రాణిగంజ్ పంపుల షాపులకి ఇది చాలదు.

డిగ్రీ చదివేటప్పుడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఓ కంప్యూటర్ షాపులో పనిచేశా. కస్టమర్ అడిగిన ర్యామ్ మా దగ్గర లేకపోయినా లేదనేవాళ్లం కాదు. "రెండు నిమిషాలు కూర్చోండి సార్" అని కుర్చీ వేసి, ఓనర్ మాటల్లో పెడితే నేను మెట్లు దిగి కింది ఫ్లోర్‌లో తెచ్చేవాణ్ణి, బిల్లు మాది, సాయంత్రం వాళ్ల లెక్క వాళ్లకి కట్టేసేవాళ్లం. పోటీవాడి సరుకే మా గోడౌన్ అన్నమాట! ఊరవతల అద్దె చవకని వెళ్తే ఇది పోతుంది. కొనేవాడికీ ఇక్కడ కాకపోతే పక్కన దొరుకుతుందని ధీమా.

ఆ ధీమాని మోడల్‌లోకి ఎక్కించాలంటే కొనేవాళ్లు ఏ షాపింగ్ సెంటర్‌కి వెళ్తారో అంచనా వేసే హఫ్ మోడల్ చూడండి: సెంటర్ ఎంత పెద్దదైతే అంత ఆకర్షణ, దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది. 1978లో హారిస్, విల్సన్ అనే పరిశోధకులు దీనికి చలనం తెచ్చారు, అంటే సెంటర్లు కాలంతో ఎలా మారతాయో చూపారు, ఆదాయం ఖర్చుని మించిన చోట షాపులు పెరుగుతాయని. పరిమాణం మీది ఘాతం (సైజుతో ఆకర్షణ ఎంత జోరుగా పెరుగుతుందో చెప్పే అంకె) 1 దాటితే పెద్ద సెంటర్లు ఇంకా పెరిగి చిన్నవి ఎండిపోతాయి.

గుంపు ఎంత గట్టిదో కొలవడానికి మాత్రం నాకు నచ్చింది భౌతిక శాస్త్రవేత్త పాబ్లో జెన్‌సెన్ 2006లో ఫ్రాన్స్‌లోని లియోన్ షాపుల మీద వాడిన పద్ధతి. ఊళ్లోని షాపుల్లో 2 శాతం కంప్యూటర్ షాపులనుకోండి, ఒక కంప్యూటర్ షాపు చుట్టూ 100 మీటర్లలోని షాపుల్లో సగటున 40 శాతం అవే అయితే సూచిక 20. 1 దాటితే ఆకర్షణ, తగ్గితే వికర్షణ. పోలిక ఖాళీ నేలతో పెట్టరు, మిగతా షాపులతో పెడతారు, అసలు కిటుకు అదే. లేకపోతే రోడ్డున్న ప్రతిచోటా గుంపే కనిపిస్తుంది.

రెండు చోట్ల జాగ్రత్త. మెడికల్ షాపులు ఒకదాన్నొకటి లాగుతున్నట్టు వస్తుంది, నిజానికి లాగేది ఆసుపత్రి, కాబట్టి దాన్నీ డేటాలో పెట్టండి. ఇక మ్యాప్‌లో మా బిల్డింగ్ లాంటివి ఒక్క చుక్కే, అన్ని ఫ్లోర్ల షాపులూ అందులోనే. ఇలాంటి చోట్లకి మాత్రం నోట్‌బుక్ పట్టుకుని మెట్లెక్కాల్సిందే.