పాత కారుకు ఏ ఇంజిన్ ఆయిల్? మీ ప్రశ్నలకు జవాబులు

పాత పెట్రోల్ కార్లలో పోసే మినరల్ ఆయిల్ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం. మినరల్ అంటే ముడి చమురును శుద్ధి చేసి తీసే మామూలు ఆయిల్, సింథటిక్ అంటే రసాయన పద్ధతుల్లో తయారు చేసే ఖరీదైన ఆయిల్.

ప్రశ్న: మాది 1999 మారుతి 800, కార్బురేటర్ బండి. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. ఇప్పటిదాకా 15డబ్ల్యూ-40 మినరల్ ఆయిలే పోశాం. షాపువాళ్లు 20డబ్ల్యూ-50 పొయ్యమంటున్నారు. మెకానిక్ 5డబ్ల్యూ-30 సింథటిక్ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– పాఠకుడు, తెనాలి

జవాబు: బండి పొగ వదలకుండా, ఆయిల్ తాగకుండా నడుస్తుంటే ఇప్పటిదాకా పోసిందే పొయ్యండి.

డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది. 15డబ్ల్యూ ఆయిల్‌తో మైనస్ 20 డిగ్రీల్లోనూ స్టార్టర్ ఇంజిన్‌ను తిప్పగలగాలి, మైనస్ 25లోనూ పంపు ఆయిల్‌ను లాగగలగాలి. ఆ పరీక్షలు నెగ్గితేనే ఆ పేరు పెడతారు. మన లంబసింగి చలికైనా ఆ గండం లేదు కాబట్టి, ఒక్క చలి కోసమే 5డబ్ల్యూకి ఎక్కువ డబ్బు పెట్టడం వల్ల మీ బండికి ఒరిగేది తక్కువ.

రెండో అంకె 100 డిగ్రీల వేడిలో ఉండే చిక్కదనం. 30 గ్రేడు 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల (చిక్కదనానికి కొలమానం) మధ్య ఉంటుంది. 40 గ్రేడు 16.3 దాకా, 50 గ్రేడు 21.9 దాకా పోతుంది. బేరింగులు కొంత అరిగిన ఇంజిన్‌లో, మే నెల ఎండలో ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు 30 గ్రేడు మరీ పల్చనవుతుంది. 50 గ్రేడు పోస్తే పొద్దున స్టార్ట్ చేయగానే పైనున్న క్యామ్‌షాఫ్ట్‌కు ఆయిల్ ఆలస్యంగా అందుతుంది, మైలేజీ కూడా కాస్త తగ్గుతుంది. అరుగుదల బాగా ముదిరిన ఇంజిన్‌కు తప్ప దాని అవసరం రాదు.

గ్రేడు తర్వాత డబ్బా వెనక ఏపీఐ (ఆయిల్ నాణ్యత ప్రమాణాలు పెట్టే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) అక్షరాలు చూడండి, చాలామంది వదిలేసేది వీటినే. పెట్రోల్ ఇంజిన్‌కు ఎస్‌తో మొదలవుతాయి. పక్కనున్న అక్షరం అక్షరమాలలో ఎంత ముందుకు పోతే ఆయిల్ అంత కొత్త ప్రమాణానికి సరిపోయినట్టు. ఎస్ఎల్ 2001లో, ఎస్ఎం 2004లో, ఎస్ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. మీ బండికి ఈ నాలుగింటిలో ఏదైనా పనికొస్తుంది. ఎస్‌ఎఫ్ అని ఉన్న చవక డబ్బా 1980ల నాటి ప్రమాణానిది, అది తీసుకోకండి. సర్వో, మ్యాక్, హెచ్‌పీ, క్యాస్ట్రాల్‌లో ఏది కొన్నా ఈ రెండు వివరాలూ సరిపోవాలి. లూజు ఆయిల్ మాత్రం వద్దు. సీలు చెక్కుచెదరని డబ్బానే కొనండి, ఖాళీ అయ్యాక దాన్ని కోసి పారెయ్యండి. లేకపోతే నకిలీ ఆయిల్ నింపేవాళ్ల చేతికి పోతుంది.

ప్రశ్న: మా మారుతి జెన్ పొద్దున స్టార్ట్ చేస్తే నీలం పొగ వదులుతోంది. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు ఆయిల్ తగ్గుతోంది. చిక్కటి ఆయిల్ పోస్తే ఆగుతుందా, ఇంజిన్ బోరుకొచ్చినట్టేనా?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: బోరు (అరిగిన సిలిండర్లను మళ్లీ కోయించడం) మాట ఇప్పుడే వద్దు. పొగ ఎప్పుడొస్తోందో గమనించండి. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున ఒక్కసారి గుప్పుమని, నిమిషంలో సర్దుకుంటే అది వాల్వ్ సీళ్ల పని. ఏళ్లు గడిచేకొద్దీ వాటి రబ్బరు గట్టిపడుతుంది. రాత్రి పైన నిలిచిన ఆయిల్ వాల్వ్ కాడ వెంట సిలిండర్‌లోకి దిగి పొద్దున కాలిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ యాక్సిలరేటర్ వదిలేసి మళ్లీ తొక్కినప్పుడు పొగ వచ్చినా అనుమానం సీళ్ల మీదే. ఎక్కుడులో తొక్కినంతసేపూ పొగ వస్తుంటే రింగులను అనుమానించాలి.

అనుమానం తీరాలంటే కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలో ఒత్తిడి ఎంత నిలుస్తుందో కొలవడం) చేయించండి. ఇంజిన్ వేడి మీద ప్లగ్గులన్నీ విప్పి ఒక్కో సిలిండర్ కొలవాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె బాగా పెరిగితే రింగులు అరిగినట్టు, ఎందుకంటే పోసిన ఆయిల్ కాసేపు ఆ సందును మూస్తుంది. పెరగకపోతే లోపం వాల్వుల్లోనో హెడ్ ప్యాకింగ్‌లోనో ఉంటుంది. విప్పిన ప్లగ్గుల్లో తడిగా, నల్లగా జిడ్డు పట్టినది ఏ సిలిండర్‌దో కూడా రాసి పెట్టుకోండి. పీసీవీ వాల్వ్ (క్రాంక్ గదిలో చేరే వాయువులను బయటికి వదిలే చిన్న వాల్వ్) విప్పి ఊపి చూడండి. లోపల టకటక చప్పుడు రాకపోతే అది మూసుకుపోయింది. అప్పుడు క్రాంక్ గదిలో ఒత్తిడి పెరిగి ఆయిల్ పైకి తన్నుకొస్తుంది. పీసీవీ వాల్వ్ మార్చడం చిన్న ఖర్చు, ముందు అదే చేయించండి.

సీళ్లే కారణమైతే వాటిని మాత్రం మార్పించుకోవచ్చు. చేయి తిరిగిన మెకానిక్ హెడ్ దించకుండానే, సిలిండర్‌లోకి గాలి పట్టించి వాల్వ్ కిందికి జారకుండా ఆపి ఈ పని చేస్తాడు. అందాకా 20డబ్ల్యూ-50 పోస్తే వాడకం కొంత తగ్గవచ్చు. అది మరమ్మతు వాయిదా వేయడానికే తప్ప జబ్బు నయం చేయదు. సీసాల్లో అమ్మే చిక్కటి మందులు మాత్రం పొయ్యకండి. మీ బండికి అసలు ముప్పు పొగ కాదు, పొగతో పాటు తెలియకుండా తగ్గిపోయే ఆయిల్ మట్టం. పెట్రోల్ కొట్టించిన ప్రతిసారీ డిప్‌స్టిక్ చూడండి. చాలా కార్లలో దాని రెండు గీతల మధ్య తేడా దాదాపు ఒక లీటరు. కింది గీత దాటితే, మలుపుల్లో పంపు ఆయిల్‌కు బదులు గాలి లాగుతుంది. బేరింగులు పోయేది అలాగే.

ప్రశ్న: మా నాన్నగారి అంబాసిడర్, పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసేచోట ఆయిల్ కారుతూనే ఉంటుంది. సింథటిక్ పోస్తే పాత బండికి మంచిదంటున్నారు, నిజమేనా?
– పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఈ బండికి మినరల్ 20డబ్ల్యూ-50 సరైన ఎంపిక. ఆ ఇంజిన్ మూలం బ్రిటన్‌లోని బీఎంసీ సంస్థ చేసిన బీ-సిరీస్. అందులో క్రాంక్ వెనక చివర రబ్బరు సీలు ఉండదు. షాఫ్ట్ మీద మరలాగా చెక్కిన గాడి, తిరిగేటప్పుడు ఆయిల్‌ను లోపలికి తోస్తుంది. అందుకే నిలబెట్టాక నాలుగు చుక్కలు కారడం ఈ ఇంజిన్‌కు మామూలే. పల్చటి ఆయిల్ పోస్తే అవి ధార కడతాయి. కారుడు ఈమధ్యే పెరిగితే ముందు బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలి ఒత్తిడి బయటికి పోయే గొట్టం) విప్పి శుభ్రం చేయించండి. అది పూడుకుంటే లోపలి ఒత్తిడిని ఆ గాడి ఆపలేదు. గేర్‌బాక్స్ దించే పని ఆ తర్వాతి సంగతి.

ఈ ఇంజిన్‌లో క్యామ్ మీద ట్యాపెట్లు చదునుగా ఆనుకుని రాసుకుంటాయి, మధ్యలో రోలర్ ఉండదు. ఆ రాపిడిని కాచేది ఆయిల్‌లోని జింక్-ఫాస్ఫరస్ మందు. కొత్త కార్లలో పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవకూడదని ఎస్ఎం నుంచి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడుల్లో ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి పరిమితం చేశారు. 20డబ్ల్యూ-50కి ఆ పరిమితి లేదు. మీకు ఆ గ్రేడు చెప్పడానికి ఇది రెండో కారణం. ఆయిల్ ప్రెజర్ గేజ్ ఉన్న బండి అయితే, ఇంజిన్ వేడెక్కాక రోడ్డు మీద ముల్లు 50 పౌండ్ల చుట్టూ ఉండాలి. ఐడిల్‌లో 10 నుంచి 25 మధ్య ఉంటే కంగారు అక్కర్లేదు.

ప్రశ్న: పిల్లలు అమెరికాలో ఉన్నారు. మా ఆల్టో ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగదు. 5,000 కిలోమీటర్లయ్యేదాకా ఆయిల్ ఉంచవచ్చా?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు. ఏడాదికోసారి మార్చండి. బజారు దాకా వెళ్లి వచ్చే బండిలో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన నీటి ఆవిరి, కాలని పెట్రోల్ బయటికి పోవు. ఆయిల్ మూత లోపల లేత గోధుమ రంగు మీగడ కనిపిస్తే అది ఆ తేమే. డిప్‌స్టిక్ మీద కూడా పాలలా ఉండి, రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే మాత్రం హెడ్ ప్యాకింగ్ చూపించండి. వారానికోసారి పావుగంట ఐడిల్‌లో పెట్టడం కన్నా, పదిహేను రోజులకోసారి హైవే మీద పాతిక కిలోమీటర్లు తిప్పడం మేలు.

ప్రశ్న: మారుతి 800 ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవాలనుకుంటున్నాను. కిరోసిన్ పోసి కడిగితే మంచిదా?
– పాఠకుడు, అనంతపురం

జవాబు: కిరోసిన్, డీజిల్ రెండూ వద్దు. ఎంత వంపినా కొంత లోపలే మిగిలి కొత్త ఆయిల్‌ను పల్చన చేస్తుంది. ఏళ్లుగా గోడలకు పట్టిన మడ్డి ఒక్కసారిగా ఊడి పంపు జాలీకి అడ్డం పడితే ఆయిల్ సరఫరా ఆగిపోతుంది. మడ్డి ఎక్కువగా ఉంటే మంచి మినరల్ ఆయిల్ పోసి, 2,000 కిలోమీటర్లకే ఫిల్టర్‌తో సహా మార్చండి. ఇలా రెండు మూడు విడతలు చేస్తే నెమ్మదిగా కరుగుతుంది.

మూడు లీటర్ల డబ్బా, కొత్త ఫిల్టర్, డ్రెయిన్ నట్టుకు కొత్త వాషర్ తెచ్చుకోండి. బండిని పది నిమిషాలు నడిపి చదును నేల మీద ఆపండి. కిందికి దూరాలంటే జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, స్టాండ్లు పెట్టండి. పైన ఆయిల్ మూత తీసి, కింద తొట్టి పెట్టి నట్టు విప్పండి. ఆయిల్ సలసల కాగుతూ ఉండకూడదు, గోరువెచ్చన చాలు. పావుగంట కారనివ్వండి. పాత ఫిల్టర్ తీశాక దాని రబ్బరు వాషర్ ఇంజిన్‌కే అతుక్కుపోయిందేమో తప్పక చూడండి. దాని మీదే కొత్తది బిగిస్తే, స్టార్ట్ చేసిన కాసేపటికే ఆయిలంతా చిమ్మేస్తుంది. కొత్త ఫిల్టర్ రబ్బరుకు వేలితో ఆయిల్ రాసి, రబ్బరు ఆనేదాకా చేత్తో తిప్పండి. అక్కడి నుంచి ముప్పావు చుట్టు చాలు. డ్రెయిన్ నట్టును బలమంతా పెట్టి బిగిస్తే ఆయిల్ చాంబర్ మరలు పోతాయి.

రెండున్నర లీటర్లు పోసి, ఇంజిన్ ఒక నిమిషం ఆడించండి. డ్యాష్‌బోర్డులో ఆయిల్ ప్రెజర్ ఎర్ర లైటు ఆరాలి. ఆపిన ఐదు నిమిషాలకు డిప్‌స్టిక్ చూసి, పై గీత దాకా కొంచెం కొంచెంగా కలపండి. గీత దాటితే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగలో ప్రెజర్ నిలవదు. పాత ఆయిల్‌ను మురుగు కాల్వలో పొయ్యకండి, చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థంగా చూస్తుంది. పాత ఆయిల్‌ను అనుమతి ఉన్న రీసైక్లర్‌కు పంపే సర్వీస్ సెంటర్ ఏదో కనుక్కుని అక్కడ ఇవ్వండి.

ప్రశ్న: బైక్‌కు తెచ్చిన 20డబ్ల్యూ-40 డబ్బా మిగిలింది. పాత కారులో పొయ్యవచ్చా?
– పాఠకుడు, చిత్తూరు

జవాబు: దారి మధ్యలో మట్టం పడిపోతే అర లీటరు కలపడానికి ఇబ్బంది లేదు. మొత్తం మార్పుకు మాత్రం కారు ఆయిలే కొనండి. బైక్ ఆయిల్‌ను తడి క్లచ్ (ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉండే క్లచ్) జారకుండా తయారు చేస్తారు, మీ కారు క్లచ్‌కు ఆయిల్‌తో పనే లేదు. ఇదే సాకుతో కారు ఆయిల్‌ను బైక్‌లో పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది.