ఒంగోలులో డైవింగ్ క్లబ్ పెడతానంటున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు. నెల్లూరులో అందరం క్షేమం, మీ అత్తయ్య మోకాళ్ళ నొప్పి ఒక్కటి తప్ప.

ఒంగోలులో స్కూబా క్లబ్, అంటే వీపుకి గాలి సిలిండర్ తగిలించుకొని నీళ్ళలో దిగేవాళ్ళ క్లబ్, పెడదామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పు మామయ్యా అన్నావు. ఫోన్‌లో చెప్తే సగం నువ్వు మరిచిపోతావు, మిగతా సగం నాకే గుర్తు రాదు. అందుకే కాగితం మీద పెడుతున్నా. నువ్వు అండమాన్‌లో కోర్సు చేసొచ్చి ఇంకా ఆరు నెలలు కాలేదు. అక్కడ చూసిన నీళ్ళు మర్చిపో. మీ కొత్తపట్నం సముద్రంలో చాలా రోజులు నీ చెయ్యి నీకే మసకగా కనపడుతుంది. అడుగంతా ఇసుక, బురద. చేరడానికి వచ్చినవాళ్ళకి ఈ సంగతి మొదటి రోజే చెప్పెయ్. పగడపు దిబ్బల ఫోటోలు చూపించి చందా వసూలు చేశావంటే రెండో నెల మీటింగుకి నువ్వూ కుర్చీలే మిగులుతారు.

క్లబ్ వేరు, డైవింగ్ షాపు వేరు. షాపులో డబ్బు కడతాం, ఎవరో సిలిండర్ తగిలిస్తారు, దిగుతాం, ఫోటో దిగి ఇంటికి పోతాం. క్లబ్బులో సిలిండర్ మోసేది మనమే, కడిగేది మనమే, పక్కవాడి ప్రాణం కనిపెట్టి చూసేదీ మనమే. కుస్తో, గన్యాన్ అనే ఫ్రెంచివాళ్ళిద్దరూ 1943లో నీళ్ళ కింద గాలి అందించే ఆక్వాలంగ్ తయారుచేస్తే, పదేళ్ళకి 1953లో లండన్‌లో బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్ పుట్టింది. అక్కడ అనుభవమున్న సభ్యులే కొత్తవాళ్ళకి జీతం లేకుండా నేర్పుతారు. అమెరికాలో 1966లో మొదలైన పాడి (PADI) అనే సంస్థ పద్ధతిలో నేర్పడం ఒక వృత్తి. నీ జేబులో ఉన్నది ఆ రెండోవాళ్ళిచ్చిన కార్డు. దాంతో తోడు మనిషిని పెట్టుకొని పద్దెనిమిది మీటర్ల దాకా దిగొచ్చు. ఇంకొకరికి నేర్పడానికి మాత్రం పనికిరాదు. అర్హత ఉన్న ఇన్‌స్ట్రక్టర్ దొరికేదాకా క్లబ్ పెట్టుకో గానీ క్లాసులు పెట్టుకోకు. మాకు నేవీలో డైవర్‌గా చేసి రిటైరైన ఒకాయన దొరికాడు. ఆయన కూడా బయటివాళ్ళకి నేర్పే సర్టిఫికెట్ తెచ్చుకున్నాకే మమ్మల్ని నీళ్ళలో దించాడు. అప్పట్లో ఆయన చాదస్తం చూసి నవ్వుకునేవాళ్ళం.

సొసైటీ రిజిస్ట్రేషన్‌కి ఏడుగురు ఉండాలి. ఆ ఏడుగురిలో లెక్కలు రాసే మనిషి ఒకరు ఉండేలా చూసుకో. ఈత బాగా వచ్చినవాడు ఎక్కడైనా దొరుకుతాడు, లెక్క రాసేవాడు దొరకడు. మా లాగ్ పుస్తకాన్ని పదకొండేళ్ళు ఒక లెక్కల టీచరమ్మ రాసింది. ఎవరు ఎప్పుడు దిగారు, ఎంత లోతు, ఎంత గాలితో దిగి ఎంతతో పైకొచ్చారు, అన్నీ. సిలిండర్‌లో యాభై బార్ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) కంటే తక్కువతో పైకొచ్చినవాడి పేరు కింద ఎర్ర గీత పడేది. మూడు గీతలకి నెల రోజులు పూల్‌లోనే. బ్యాంకులో ఆఫీసరుగా చేసిన నాకూ రెండు గీతలు పడ్డాయి. ఆవిడ సంతకం లేనిదే సిలిండర్ గది తలుపు తెరుచుకునేది కాదు.

మేం మొదలుపెట్టింది సునామీకి రెండేళ్ళ ముందు. ఐదుగురం, రెండు సిలిండర్లు. వాటిని నింపించడానికి వ్యాన్ మాట్లాడుకొని మద్రాసు పోయేవాళ్ళం, నిండు సిలిండర్లు రైల్లో తేకూడదు కదా. మెల్లగా పద్నాలుగు మంది అయ్యాం. 2004 డిసెంబరు 26 తర్వాత ముగ్గురం మిగిలాం. మిగతావాళ్ళని ఇళ్ళల్లో పంపించలేదు, వాళ్ళను తప్పు పట్టడానికీ లేదు. రెండేళ్ళు సముద్రం జోలికే పోలేదు. పూల్‌లో పిల్లలకి ఈత నేర్పాం, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్లు విప్పి శుభ్రం చేయడం నేర్చుకున్నాం, ప్రథమ చికిత్స కోర్సు చేశాం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే క్లబ్ కుదురుకున్నది ఆ రెండేళ్ళలోనే అనిపిస్తుంది. నువ్వు కూడా మొదటి ఏడాది సముద్రం మాట ఎత్తకు. పూల్ చాలు. సముద్రంలో సర్టిఫికెట్ డైవులకి పాండిచ్చేరికో విశాఖకో తీసుకుపో.

పూల్‌లో అందరికంటే ఎక్కువ కనిపెట్టుకోవాల్సింది ఎవరినో తెలుసా? ఈత రానివాణ్ణి కాదు. జీలుగు బెండ్లు కట్టుకొని ఊరి బావిలో ఈత నేర్చి, గట్టు మీంచి దూకి అడుగున మట్టి తెచ్చి చూపించిన మనలాంటి వాణ్ణి. మనకి నీళ్ళలో తల పెట్టగానే ఊపిరి బిగబట్టడం అలవాటు. బావిలో పైన పీల్చిన గాలితోనే మునుగుతాం, అదే గాలితో తేలతాం కాబట్టి ఏమీ కాదు. స్కూబాలో లోపల, ఆ లోతు ఒత్తిడితో వచ్చే గాలి పీలుస్తాం. పది మీటర్ల దగ్గర నిండా పీల్చి, బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలు అవుతుంది. ఊపిరితిత్తులు దానికి చాలవు. అందుకే బుడగలు ఆగకూడదు అని మా నేవీ ఆయన పూల్ గట్టున నిలబడి అరుస్తూనే ఉండేవాడు. బుడగలు ఆగితే వెదురు కర్రతో నెత్తి మీద తట్టేవాడు కూడా.

గాలి లెక్క కూడా నోటితో చెప్పి వదిలెయ్యకుండా ప్రతి ఒక్కరి చేతా చేయించు. పదకొండు లీటర్ల సిలిండర్‌లో 200 బార్ నింపితే దాదాపు 2,200 లీటర్లు. నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడికి పైన 110 నిమిషాలు వస్తుంది. పది మీటర్ల లోతున 55, ఇరవై మీటర్ల దగ్గర 36. అందులో యాభై బార్ ముట్టుకోకూడదు. టెన్షన్ పడ్డాడా, ఉన్న టైమ్ సగమవుతుంది. ఇంకోటి, గాలికి బరువుంటుంది. నిండు సిలిండర్‌లో రెండున్నర కిలోలకి పైనే గాలి ఉంటుంది. అల్యూమినియం సిలిండర్ డైవ్ చివరికి ఖాళీ అయి పైకి లాగుతుంది, సరిగ్గా పైకొచ్చేముందు జాగ్రత్త కోసం ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాల్సిన సమయానికి. మునగడానికి నడుముకి కట్టే సీసం బెల్టు బరువు ఆ చివరి మూడు నిమిషాలు చూసుకొని కట్టించు. పూల్‌లో సరిపోయిన బరువు ఉప్పునీళ్ళలో చాలదు.

ఇక కంప్రెసర్. డబ్బులు పోగైతే నలుగురూ బోటు కొందామంటారు. కొనకు. బోటు బాడుగకి దొరుకుతుంది, మంచి గాలి దొరకదు. మా సభ్యుడొకడు పంక్చర్ షాపు కంప్రెసర్‌తో నింపొచ్చు కదా అని నిజంగానే అడిగాడు. దాంతో పది బార్లు వస్తే గొప్ప, పైగా నూనె వాసన. పీల్చే గాలి కంప్రెసర్ వేరు, దాని ఫిల్టర్లు వేరు. ఎన్ని గంటలకి ఫిల్టర్ మార్చమని రాసుంటుందో అన్ని గంటలకీ మార్చు. గాలి లోపలికి పీల్చే గొట్టం జనరేటర్ పొగ వైపు ఉండకూడదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, పైన కొంచెం తలనొప్పి తెప్పించేది లోతులో మనిషిని పడగొడుతుంది. సిలిండర్లకి ఐదేళ్ళకోసారి నీటి ఒత్తిడితో చేసే హైడ్రో టెస్టు తప్పించుకోవద్దు. గదిని పల్లంలో పెట్టుకోకు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు మా కంప్రెసర్ మోటారు నీళ్ళలో నానింది. దాన్ని బాగు చేయించిన ఖర్చుతో ఇంకో పాత కంప్రెసర్ వచ్చేది.

అదే ఏడాది, వరదకి ముందు వేసవిలో, కరోనా రెండో అల అప్పుడు, రాత్రి పదకొండింటికి ఒకతను మా గేటు కొట్టాడు. మీ దగ్గర ఆక్సిజన్ సిలిండర్లు ఉన్నాయట, మా నాన్నకి ఒక్కటివ్వండి, ఎంతైనా ఇస్తా అన్నాడు. అది ఆక్సిజన్ కాదు బాబూ, నువ్వూ నేనూ ఇప్పుడు పీలుస్తున్న మామూలు గాలే అన్నాను. నమ్మలేదు. లోపలికి తీసుకెళ్ళి కంప్రెసర్ చూపించాక నమ్మి, అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. మర్నాటి నుంచి గది గోడ మీద పెద్ద అక్షరాలతో 'ఇది గాలి మాత్రమే' అని రాయించాం. నువ్వు మొదటి రోజే రాయించు. మన సభ్యులకీ ఇది ఎక్కించు. ఆరు మీటర్లు దాటితే అచ్చమైన ఆక్సిజన్ విషమవుతుంది, ఫిట్స్ వస్తాయి. ఆక్సిజన్ ఒక చిన్న సిలిండర్ బోటులో ఉండాలి, కానీ అది పైకొచ్చాక ఒంట్లో బాగోలేనివాడికి.

కొత్తపట్నం, ఈతముక్కల, పాకల, ఎక్కడ దిగాలన్నా ముందు ఊరి కాపుల దగ్గరికి, అంటే జాలర్ల పెద్దల దగ్గరికి, వెళ్ళి కూర్చో. మెరైన్ పోలీసులకి కాగితం ఇవ్వడం ఎలాగూ తప్పదు, కానీ కాపులు కాదంటే ఆ ఊళ్ళో నీకు బోటు కట్టేవాడుండడు. మేం మొదటిసారి చెప్పకుండా పోయాం. కింద డైవర్లున్నారని తెలియడానికి ఎర్ర జెండా కట్టిన బుంగ నీళ్ళ మీద వదిలాం. మనవాళ్ళు వలలకి గుర్తుగా జెండాలే కడతారు కదా! ఇది ఎవరి వలరా కొత్తగా అని చూడ్డానికి ఒక బోటు ఇంజను కొట్టుకుంటూ నేరుగా మా నెత్తి మీదికే వచ్చింది. ఆ సాయంత్రం తిట్లు తిన్నాం, టీ తాగాం, అప్పట్నుంచి మా జెండా ఎలా ఉంటుందో ఊరందరికీ తెలుసు. వల కనపడితే దూరంగా పో. నైలాన్ వల మురికి నీళ్ళలో తగిలేదాకా తెలియదు, అందుకని కోసే కత్తి ప్రతి మనిషి దగ్గరా ఉండాలి. వేటలో ఉన్న వలని కోయాల్సి వస్తే కోసి, పైకొచ్చి దాని ఖరీదు కట్టు. బేరమాడకు.

సముద్రం ఎప్పుడు బాగుంటుందో నీకంటే బోటు నడిపే సరంగుకి బాగా తెలుసు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు, వాయుగుండాలు, పెన్న తెచ్చే ఎర్రనీళ్ళు. పెట్టెలు మూసి పెట్టుకో. మా పుస్తకంలో మంచి డైవులన్నీ సంక్రాంతి దాటాక వేట నిషేధం మొదలయ్యేలోపే ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఆ అరవై ఒక్క రోజులు బోటువాణ్ణి ఆశ పెట్టి ఇబ్బందిలో పడెయ్యకు, రిపేర్లు చేసుకో. సరంగు వద్దన్నాడంటే దాని మీద అప్పీలు లేదు. జలుబున్నవాణ్ణి కూడా దించకు, ముక్కు మూసి ఊదినా చెవి తెరుచుకోదు, మూడు మీటర్లలోనే కర్ణభేరి పోయినవాణ్ణి చూశాను. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరు కాగితం తేవాల్సిందే, మీ స్నేహితుడైనా సరే.

ఇక చివరిది. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించా.

క్లబ్ పెట్టిన ఆరు నెలల్లో ఎవరో ఒకరు నీకు ఫోన్ చేస్తారు. బావిలోనో కాలువలోనో పెన్న ఇసుక గుంతలోనో ఎవరో మునిగిపోయారు, మీ దగ్గర సిలిండర్లున్నాయి కదా, రండి అంటారు. నేను ఒక్కసారి వెళ్ళాను. ఇసుక తవ్విన గుంత, ఇంజనీరింగ్ చదివే పిల్లవాడు. గట్టున వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుంది. నా కార్డు పద్దెనిమిది మీటర్లకి, అదీ వెలుతురున్న చోట అని ఆవిడతో ఏం చెప్తాను? దిగాను. లోపల కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి. తోడు మనిషి అర నిమిషంలో తప్పిపోయాడు. కాలికి ఏదో చుట్టుకుంది, తుమ్మ కొమ్మో తాడో ఇప్పటికీ తెలియదు. ఎనిమిది నిమిషాల్లో సగం సిలిండర్ అయిపోయింది. వట్టి చేతులతో పైకొచ్చాను. మధ్యాహ్నం గజ ఈతగాళ్ళు ఇద్దరు నడుముకి తాడు కట్టుకొని దిగి పిల్లవాణ్ణి తెచ్చారు. ఆ తల్లి మళ్ళీ నా వైపు చూడలేదు. ఇంటికొచ్చి మీ అత్తయ్యకి కూడా సగమే చెప్పాను.

ఆ వారమే కమిటీలో తీర్మానం రాసుకున్నాం. మన సభ్యులు శవాల కోసం దిగరు. తాళ్ళు, లైట్లు, మనుషుల సాయం ఇస్తాం. ఆ తీర్మానం నకలు పోలీసులకీ తహసీల్దారు ఆఫీసుకీ ముందే ఇచ్చాం. ఒక అధికారి చాలా విసుక్కున్నాడు, ఇంత ఖరీదైన సామాను పెట్టుకొని ఏం లాభమయ్యా అన్నాడు. అననీ. ఆ పనికి వేరే శిక్షణ ఉంది, విపత్తు దళాలున్నాయి. సోమశిల, కండలేరు లాంటి జలాశయాల్లో తూముల దగ్గర నీటి లాగుడు మనిషిని వదలదు, అక్కడికి ఎవరు పిలిచినా పోవద్దు. ఫోన్ వచ్చిన రోజు ఆలోచిద్దాం అనుకోకు. ఆ రోజు ఆలోచన పని చెయ్యదు, ముందు రాసుకున్న కాగితమే పని చేస్తుంది.

ఆదివారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వస్తే మధ్యాహ్నం భోజనానికి అందుకుంటావు. అటక మీద సీసం బెల్టులు ఆరున్నాయి, వాటికేం కాలేదు, తీసుకుపో. రెగ్యులేటర్లు కూడా రెండున్నాయి గానీ రబ్బరు చీలికలు వేసి ఉంటుంది, సర్వీసు చేయించకుండా నోట్లో పెట్టుకోకు. టీచరమ్మ రాసిన పుస్తకాలు మాత్రం ఇవ్వను, కావలసినంతసేపు ఇక్కడే కూర్చొని చదువుకో.

మీ మామయ్య