నమ్మినవారికి రాయవలసిన ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పరిశోధన పట్టా చేతికి వచ్చిన రోజున అందరికన్నా ముందు నీకు గుర్తొచ్చింది తొమ్మిదేళ్ళ క్రితం నీ మొదటి వ్యాసాన్ని చదివి, నువ్వు అడగకుండానే నిన్ను పరిశోధన వైపు మళ్ళించిన ఆ మేడమ్ గారేనని, కానీ ఇంతకాలం ఒక్క కబురైనా పంపకుండా ఇప్పుడు రాస్తే అతిగా ఉంటుందేమోనని జంకుతున్నావని రాశావు. ఎలా రాయాలో చెప్పమన్నావు. ఈ విషయంలో నేను ఒకసారి తప్పు చేసి చాలా ఆలస్యంగా దిద్దుకున్నవాణ్ణి కనుక, నాకు తోచింది చెబుతాను.

కాగితం ముందు పెట్టుకునేలోగా ఒక సంగతి తేల్చుకో. ఆవిడ నీలో చూసింది సరిగ్గా ఏమిటి? 'మీరు నన్ను నమ్మారు' అని రాస్తే అది ఎవరికైనా రాయదగిన వాక్యం. నిజమైన నమ్మకం అంత గాలివాటంగా ఉండదు, దానికి ఒక గురి ఉంటుంది. 1831 ఆగస్టు 24న కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్రం బోధించే హెన్‌స్లో తన శిష్యుడైన చార్లెస్ డార్విన్‌కు రాసిన లేఖను తలచుకో. బీగిల్ నౌకలో ప్రపంచయాత్రకు ఒక ప్రకృతి పరిశీలకుడు కావాలన్న కబురు అందులో ఉంది. అప్పటికి డార్విన్ వయసు ఇరవై రెండేళ్ళు, చేతిలో చెప్పుకోదగిన పని ఏదీ లేదు, తండ్రి అతణ్ణి మతాచార్యుణ్ణి చేయాలనుకుంటున్నాడు. హెన్‌స్లో అతణ్ణి మహా శాస్త్రజ్ఞుడివి అనలేదు. నువ్వు పూర్తిగా తయారైన శాస్త్రజ్ఞుడివని కాదు గాని, సేకరించడానికి, పరిశీలించడానికి, గమనించదగినదాన్ని రాసిపెట్టుకోవడానికి అన్నివిధాలా తగినవాడివని నిన్ను సూచించానన్న అర్థం వచ్చేలా రాశాడు. లేనిదాన్ని అంటగట్టకుండా ఉన్నదాన్ని ఉన్నంత మేరకు గుర్తించిన ఆ కొలత చూశావా? పొగడ్తకూ నమ్మకానికీ తేడా నాకు అక్కడే తెలుస్తుంది.

ఆ కథలో ఇంకొకాయన కూడా ఉన్నాడు, ఆయన్ని మనం తరచుగా మరిచిపోతాం. తండ్రి ఒప్పుకోకపోవడంతో డార్విన్ ఆ అవకాశాన్ని వదులుకుంటూ జవాబు రాసేశాడు. అయితే తండ్రి ఒక సందు ఉంచాడు: ఇంగితజ్ఞానం ఉన్నవాడెవడైనా వెళ్ళమని చెబితే ఒప్పుకుంటానన్నాడు. అప్పుడు మేనమామ జోసయా వెడ్జ్‌వుడ్, తండ్రి చెప్పిన ఎనిమిది అభ్యంతరాలనూ ఎదురుగా పెట్టుకుని, ఒక్కొక్కదానికీ విడివిడిగా సమాధానం రాసి పంపాడు. అంతటితో ఆగక మర్నాడు మేనల్లుణ్ణి బండిలో వెంటబెట్టుకుని తండ్రి దగ్గరకు స్వయంగా వెళ్ళాడు. (మేనమామల గురించి నేను పక్షపాతంతో రాస్తున్నానని నువ్వు నవ్వుకుంటావని తెలుసు.) ఇక హెన్‌స్లో, ఆ నౌక 1836 అక్టోబరులో తిరిగి వచ్చేదాకా, డార్విన్ పంపుతూ వచ్చిన పెట్టెలను అందుకుని, విప్పి, పాడుకాకుండా భద్రపరిచాడు. కాబట్టి నీ ఉత్తరంలో మేడమ్ గారు అన్న మాటలతో పాటు ఆవిడ చేసిన పనులను కూడా రాయి. ఎవరికి ఫోన్ చేశారు, ఏ కాగితం మీద సంతకం పెట్టారు, నీ కోసం ఎవరితో వాదించారు, ఇవన్నీ నీకు ఇప్పుడు తెలిసినంత మేరకు రాయి.

నా సంగతి చెబుతాను. ఇరవై మూడేళ్ళ వయసులో కొత్తగా పంతులుద్యోగంలో చేరాను. నాకు నత్తి. చిన్న తరగతులను ఎలాగో నెట్టుకొస్తున్నా, పెద్ద తరగతి గడప తొక్కాలంటే కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. పదో తరగతికి లెక్కలు చెప్పే పెద్ద మాస్టారు ఒక రోజు తన చేతిలోని సుద్దముక్కను విరిచి సగం నాకిచ్చి, "ఈ పాఠం మీరు చెప్పండి. మాట ఆగితే ఆగనివ్వండి, బోర్డు మీద రాస్తూ ఉండండి" అని, తాను వెనక బల్ల మీద కూర్చుని నోటు పుస్తకాలు దిద్దుకోసాగారు. ఆ నలభై నిమిషాల్లో నా నోరు ఎన్నిసార్లు పెగల్లేదో లెక్కలేదు గాని, ఆయన ఒక్కసారైనా తల ఎత్తలేదు. నేను ఆగినప్పుడల్లా తరగతి అంతా నిశ్శబ్దమైపోయేది, ఆ నిశ్శబ్దంలో ఆయన ఎర్రసిరా కలం కాగితం మీద కదులుతున్న చప్పుడు మాత్రం వినిపించేది. ఆయన నా వైపు చూసి ధైర్యం చెబుతున్నట్టు తల ఊపి ఉంటే నేను అక్కడికక్కడే చతికిలపడేవాణ్ణి. నా వైపు చూడవలసిన అవసరమే లేదన్నట్టు ఆయన తన పని తాను చేసుకుంటూ కూర్చున్నందువల్లనే ఆ పాఠం పూర్తయింది.

ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకు పంతొమ్మిదేళ్ళు పట్టింది. పదవి పెరిగాక రాద్దామనుకున్నాను, ఇల్లు కట్టాక రాద్దామనుకున్నాను, ఒక్కోసారి సగం రాసి చించేశాను. పెద్దవారు ఎప్పుడు ఉంటారో ఎప్పుడు పోతారో తెలియదు కనుక త్వరపడాలని లోకం చెబుతుంది గాని, ఆ లెక్క కూడా ఒకవైపుదే. ఫ్రెంచి రచయిత ఆల్బెర్ కామూకు 1957లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు, ఆ హడావిడి కాస్త సద్దుమణగగానే, నవంబరు 19న ఆయన తన చిన్ననాటి గురువు లూయీ జెర్మేన్‌కు ఒక చిన్న ఉత్తరం రాశాడు. తండ్రి యుద్ధంలో చనిపోయి, ఇంటి పేదరికం వల్ల పదేళ్ళు దాటగానే పనిలో చేరవలసిన ఆ పిల్లవాడికి జెర్మేన్ ఉచితంగా అదనపు పాఠాలు చెప్పాడు, పై చదువుకు ఒప్పుకోని అమ్మమ్మ దగ్గరకు వెళ్ళి నచ్చజెప్పాడు. బహుమతి వార్త వినగానే అమ్మ తర్వాత మొదట తలచుకున్నది మిమ్మల్నేనని, మీరు చేయి అందించకపోతే ఇదేదీ జరిగేది కాదని కామూ రాశాడు. ఆ ఉత్తరం రాసిన రెండేళ్ళకే, 1960 జనవరి 4న కారు ప్రమాదంలో పోయినవాడు శిష్యుడు. గురువు అప్పటికి ఇంకా బతికే ఉన్నాడు.

ఏం రాయకూడదో కూడా చెబుతాను. నిన్ను నమ్మనివారి జాబితా ఆ ఉత్తరంలో పెట్టకు. వారి మీది కసి తీర్చుకోవడానికి ఈవిడ పేరును వాడుకున్నట్టు ఉంటుంది. మీ రుణం తీర్చుకోలేనిది అనే మాట కూడా వద్దు, ఆవిడ అప్పు ఇచ్చినట్టు ఎక్కడా రాసుకోలేదు. నీ శ్రమను తక్కువ చేసుకుని అంతా మీ చలవే అనకు. తాను చూసినది నిజంగా నీలో ఉందని తెలియడమే ఆవిడకు సంతోషం, అంతా తన చలవే అయితే ఆవిడ అంచనాకు విలువ ఏముంది? ఆవిడకు చెప్పే బదులు ఇంకొక విద్యార్థికి చేయూతనిస్తే సరిపోతుందని నీ స్నేహితురాలు అన్నదట. ఆ పని తప్పకుండా చెయ్యి, కానీ దాని గురించి ఆవిడకు ఎలా తెలుస్తుంది?

ఫోన్ చేయడం కన్నా ఉత్తరమే మేలు. ఎదురుగా పొగిడితే మంచివాళ్ళు మాట మార్చేస్తారు, ఉత్తరమైతే ఒంటరిగా రెండోసారి చదువుకుంటారు. ఒక పేజీ చాలు.

జవాబు నువ్వు ఊహించినట్టు రాకపోవచ్చు, దానికి సిద్ధంగా ఉండు. మా మాస్టారి నుంచి నాకు ఒక కార్డు వచ్చింది. ఆ రోజు ఆయనకు బొత్తిగా గుర్తులేదట. నాకు నత్తి ఉన్నట్టు కూడా గుర్తులేదట. బోర్డు మీద నా రాత కుడివైపుకు పోయేకొద్దీ కిందికి జారేదని, అది ఇప్పటికైనా సరిదిద్దుకున్నానా అని అడిగారు. మొదట మనసు చివుక్కుమంది. నా జీవితాన్ని మలుపు తిప్పిన ఆ నలభై నిమిషాలు ఆయనకు ఒక మామూలు పీరియడ్. తర్వాత తర్వాత ఆలోచిస్తే, అలా ఇంకెందరికి సుద్దముక్క విరిచి ఇచ్చి ఉంటారో, అందులో ఏది ఎవరిదో ఎలా గుర్తుంటుందనిపించింది. కార్డు ఇప్పటికీ నా డైరీలో ఉంది. రాత ఇప్పటికీ కిందికే జారుతోంది.

చిత్తుప్రతి నాకు పంపి దిద్దించుకోవాలని మాత్రం చూడకు. తొమ్మిదేళ్ళ క్రితం ఆవిడకు నచ్చినది నీ రాత, నాది కాదు. చిరునామా దొరక్కపోతే చెప్పు, కనుక్కునే పూచీ నాది.

ఇట్లు,
మీ మామయ్య