తాళాలు ఇచ్చేసి ఫ్లైట్ ఎక్కేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటున్నాం. మావారి ఉద్యోగం లేఆఫ్‌లో పోయింది. హెచ్1బి వీసా కాబట్టి 60 రోజుల్లో ఏదో ఒకటి తేల్చుకోవాలి, అందులో 37 అయిపోయాయి. ఇండియా వచ్చేద్దామనుకుంటున్నాం. అపార్ట్‌మెంట్ లీజు ఇంకా 7 నెలలుంది, అద్దె 1,700 డాలర్లు. లీజింగ్ ఆఫీసులో అడిగితే మొత్తం 7 నెలలదీ కట్టాల్సిందే అంది అక్కడి అమ్మాయి, అంటే 11,900. మావారి ఫ్రెండేమో తాళాలు డ్రాప్ బాక్స్‌లో పడేసి వచ్చేయండి, అంత దూరం వచ్చి ఎవడడుగుతాడు అంటున్నాడు. ఏం చేయమంటారు?
— పేరు రాయొద్దన్న పాఠకురాలు

జవాబు: ఆ ఫ్రెండ్ మాట వినకండి. ఎయిర్‌పోర్టులో ఎవరూ పట్టుకోరు, అది నిజమే, ఇది సివిల్ బాకీ. కానీ బాకీ కలెక్షన్ ఏజెన్సీకి వెళ్తే క్రెడిట్ రిపోర్టులో ఏడేళ్లు ఉండొచ్చు. రేపు మీవారికి మళ్లీ అక్కడే ఉద్యోగం వస్తే? కొత్త అపార్ట్‌మెంట్‌కి అప్లై చేసిన రోజు మొట్టమొదట చూసేది అదే.

అలాగని ఆఫీసులో ఆ అమ్మాయి చెప్పిందీ పూర్తిగా నిజం కాదు. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 91.006 ప్రకారం మీరు మధ్యలో ఖాళీ చేసినా ఓనరు చేతులు కట్టుకుని కూర్చోకూడదు, వేరేవాళ్లకి అద్దెకివ్వడానికి తగిన ప్రయత్నం చేయాలి, ఈ హక్కు వదులుకుంటున్నానని లీజులో మీతో సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు. కొత్తవాళ్లు దిగాక అదే ఇంటికి మీ దగ్గరా అద్దె తీసుకోవడం కుదరదు. లేఆఫ్ అయింది కాబట్టి లీజు రద్దు చేసుకునే హక్కు మాత్రం అక్కడి చట్టంలో లేదు, మిలిటరీ వాళ్లకీ గృహహింస బాధితులకీ ఉన్నట్టు.

ఇప్పుడు లీజు తీసి రెండు మాటలు వెతకండి: బయౌట్, రిలెట్టింగ్. ఈ రెండూ ఒకటే అనుకునే చాలామంది దెబ్బతింటారు. బయౌట్ అంటే ముందే నోటీసిచ్చి ఫలానా మొత్తం కట్టేస్తే లీజు అక్కడితో ముగిసినట్టే. రిలెట్టింగ్ ఫీజు అలా కాదు, కొత్త మనిషిని వెతికిన ఖర్చు మాత్రమే, అది కట్టినా ఇల్లు ఖాళీగా ఉన్నన్నాళ్లూ అద్దె మీదే. అక్కడి చాలా లీజుల్లో ఈ ఫీజు నెల అద్దెలో 85 శాతం, అంటే మీకు 1,445.

ఉదాహరణకి మీ లీజులో బయౌట్‌కి 60 రోజుల నోటీసు, పైన రెండు నెలల అద్దె అని ఉందనుకోండి, నోటీసు కాలం రెండు నెలల అద్దెతో కలిపి 6,800 అవుతుంది. రిలెట్టింగ్ దారిలో వెళ్తే, ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంటే 4,845, మూడు నెలలైతే 6,545, నాలుగైతే 8,245. మూడు నెలల్లోపు ఎవరైనా దిగుతారన్న నమ్మకం ఉంటే రెండోదే చవక. అయినా నేనైతే ఇండియాలో కూర్చుని ఆ ఇల్లు ఎప్పుడు నిండుతుందా అని నెలనెలా మెయిల్ చూసుకునే టెన్షన్ పడలేను, బయౌట్ తీసుకునేదాన్ని. దిగేటప్పుడు ఒక నెల ఫ్రీ అని ఇచ్చారా? ఇచ్చుంటే ఆ డబ్బు కూడా వెనక్కి అడుగుతారేమో చూడండి, ఆ షరతు రాసిన కాగితం తరచుగా లీజుకి వెనకాల విడిగా కుట్టి ఉంటుంది.

లీజింగ్ ఆఫీసులో ఉండే అమ్మాయితో కాదు, మేనేజర్‌తో మాట్లాడండి. మీ చోట దిగడానికి ఒక మనిషిని మీరే చూపిస్తే, మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అది రెండ్రోజుల పని, చాలాసార్లు మెత్తబడతారు. ఆ వచ్చేవాళ్లు సొంతంగా కొత్త లీజు రాసుకోవాలి. మీ పేరు మీదే లీజు ఉంచి వాళ్లని సబ్‌లీజుకి దింపితే వాళ్లు ఎగ్గొట్టిన అద్దె కూడా మీ మెడకే. ఏది ఒప్పుకున్నా మెయిల్‌లో రాయించుకోండి, ఇంత కడితే ఇక ఏ బాకీ లేదు అని. అయితే ఒక మాట, వేరే కంపెనీలో చేరే అవకాశమో, వీసా స్టేటస్ మార్చుకుని ఇంకొన్నాళ్లు ఉండే ఆలోచనో ఉంటే అది లాయర్‌తో తేల్చుకున్నాకే నోటీసివ్వండి. ఇచ్చిన నోటీసు వెనక్కి తీసుకోవడం మీ చేతిలో ఉండదు.

ఖాళీ చేసే రోజు సామాను తీసేశాక గదిగదికీ వీడియో తీయండి, ఓవెన్ తలుపు తెరిచి లోపలా, ఫ్రిజ్ అరల కిందా, కార్పెట్ మీద మంచం కాళ్లు ఆనిన చోటా. వాడుకలో సహజంగా వచ్చే అరుగుదలకి డిపాజిట్‌లో కోత పెట్టకూడదు. డిపాజిట్ 30 రోజుల్లో తిరిగివ్వాలి, కానీ మీ కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఆ బాధ్యత వాళ్ల మీద ఉండదు, మనవాళ్లు మర్చిపోయేది ఇదే. డాలర్ చెక్కు ఇక్కడ మార్చుకోవడం పెద్ద తలనొప్పి కాబట్టి అక్కడే ఉన్న స్నేహితుల అడ్రస్ ఇవ్వండి. లీజులో ఇద్దరి పేర్లూ ఉంటే చెక్కు కూడా ఇద్దరి పేరా రావచ్చు, అందుకని ఆ డబ్బు చేతికందేదాకా అక్కడి జాయింట్ అకౌంట్ మూయకండి.