రిటైరయ్యాక బడికి కొయ్యపని చేసిపెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: అనంతపురంలో టీచరుగా రిటైరయ్యారు, కొయ్యపని అంటే ఇష్టం, పక్క ఊరి బడికీ గ్రంథాలయానికీ ఊరికే బెంచీలు, పుస్తకాల అరలు చేసిపెట్టాలనుంది. ఏ కలప కొనాలి, ఏ పనిముట్లు కావాలి, పని ఎక్కడ చెడుతుంది?

సార్, కలప సంగతి తర్వాత చూద్దాం. మొదటి ఆర్నెల్లు కొత్త బెంచీ జోలికి పోవద్దు. ఏ బడికి పోయినా ఒక మూల కాళ్లూగే బెంచీలు గుట్టపడి ఉంటాయి. వాటిని బాగుచేయండి. బడికి వెంటనే పనికొస్తాయి, మీకు అతుకుల మర్మం తెలుస్తుంది, చెడిపోయినా కొత్త కలప దండగ కాదు.

బెంచీ ఊగుతోందంటే ముందు దాన్ని చదునైన నేలమీద పెట్టి చూడండి. సగం సార్లు తప్పు బెంచీది కాదు, ఎగుడుదిగుడు నాపరాళ్లది. నిజంగా ఊగితే కాలూ అడ్డకొయ్యా కలిసేచోట కుసి, అంటే కాలి బెజ్జంలో దిగే అడ్డకొయ్య కొస, వదులై ఉంటుంది. మన సీమ ఎండలకు కొయ్య ఎండి అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవునా మాత్రం దాదాపు మారదు. అందుకే బెజ్జంలో కుసి లూజవుతుంది. అప్పుడెవరో రెండు మేకులు దిగ్గొడతారు. మేకు కుసిని చీలుస్తుంది, ఏడాదికి మళ్లీ ఊగుతుంది.

అందువల్ల ముందు మేకులు పీకండి. కొయ్యసుత్తితో మెల్లగా తట్టి అతుకు విడదీయండి. ఇనుప సుత్తి వాడాల్సి వస్తే మధ్యలో పాత చెక్కముక్క అడ్డం పెట్టండి. ఇక అసలు పని పాత జిగురు గీకడం. చాలామంది వదిలేసేది ఇదే. ఫెవికాల్ కొయ్య నారలోకి ఇంకితేనే పట్టు. పాత జిగురు మీద పూస్తే ఆరాక రేకులా ఊడొస్తుంది. కుసి రెండు వైపులా, బెజ్జం లోపలా వట్టి కొయ్య కనబడేదాకా ఉలితో గీకండి. ఇంకా వదులుంటే ఆ సందును జిగురుతో నింపొద్దు. కుసి పక్కలకు పల్చని చెక్కరేకు అంటించి, ఆరాక ఉలితో చెక్కి, చేత్తో నొక్కితే బిగుతుగా దిగేంత మందానికి తేవాలి. సుత్తితో బాదితే తప్ప దిగకపోతే కాలు చీలుతుంది.

జిగురు పెట్టే పని ఏప్రిల్, మే నెలల్లో తెల్లారుజామునే ముగించండి. పది దాటాక పూస్తే అతుకు కలిపేలోపే పొర కట్టేస్తుంది. క్లాంపులు లేకపోతే నులకతాడు రెండు చుట్లు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పండి. ఆ మెలి బిగువు చాలు. బిగించిన వెంటనే కర్ణాలు రెండూ కొలవండి. లెక్కల సారైతే చెప్పేపనే లేదు, రెండూ సమానంగా ఉంటేనే మూలలు లంబకోణాలు. తేడా వస్తే పొడుగున్న కర్ణం వెంబడి కాస్త నొక్కి సరిచేయొచ్చు, కానీ జిగురు పచ్చిగా ఉన్నప్పుడే. రాత్రంతా కదపకుండా వదిలేయండి. మర్నాడు అతుకుకు అడ్డంగా 6 మి.మీ. రంధ్రం వేసి ఎండిన వెదురు చీల కొడితే ఇక మేకు అక్కర్లేదు.

ఈ పనికి కావాల్సినవి ఒక చేతిరంపం, 6, 12, 25 మి.మీ. ఉలులు మూడు, కొయ్యను నునుపు చేసే చిన్న చిత్రిక, మూలమట్టం, కొయ్యసుత్తి, సానరాయి, ఒక కరెంటు డ్రిల్లు. కోత మెషీన్లు కొనొద్దు. ప్లైవుడ్ అమ్మే చాలా చోట్ల కొలత రాసిస్తే కోసిస్తారు. ఉలికి పదును తగ్గితే బలం పెట్టి తోస్తాం, జారి చేతికి తగిలేది అప్పుడే. ఎడమచేయి ఎప్పుడూ ఉలి మొనకు వెనకే ఉండాలి. ఉప్పు కాగితం పట్టేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి.

ఇప్పుడు కలప. మీరు మంచి పని మొదలుపెట్టారని తెలిస్తే ఎవరో ఒకరు వేపమాను ఇస్తామంటారు. చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి ఉందో లేదో ముందే అడగండి. కడప వైపు వాళ్లెవరైనా పాత ఎర్రచందనం దుంగ ఇస్తామంటే దండం పెట్టి వచ్చేయండి. వేప చేదు వల్ల పురుగు తక్కువే గానీ నార అడ్డదిడ్డంగా ఉంటుంది, చిత్రిక పడితే పెచ్చులు లేస్తాయి. నల్లతుమ్మ ఇనుములాంటిది, బండి చక్రాలకు వాడిన కొయ్య. డ్రిల్లుతో ముందే రంధ్రం వేయకుండా స్క్రూ తిప్పితే విరిగేది స్క్రూనే. తుమ్మలో తెల్లగా ఉండే పైభాగం తీసేయండి, పుప్పి పట్టేది దానికే. పచ్చి పలకలైతే నీడన, అడుగున్నరకొకటి చొప్పున రీపరు ముక్కలు అడ్డం పెట్టి పేర్చాలి. చివర్లకు పెయింటు పూయకపోతే అక్కణ్ణుంచే పగుళ్లు మొదలవుతాయి. అంగుళం మందానికి ఏడాది ఆరాలన్నది వడ్రంగుల లెక్క. అంత ఓపిక లేకపోతే అడితిలో పాత ఇళ్ల టేకు దూలాలు అడగండి, అవి ఎప్పుడో ఆరిపోయి ఉంటాయి. రంపానికి ముందు పాత మేకులు మాత్రం వెతకాలి.

పుస్తకాల అరకు 18 మి.మీ. ప్లైవుడ్ మేలు. 4 అడుగుల ఎత్తు, 10 అంగుళాల లోతు, వెడల్పు రెండున్నర అడుగులు. మూడడుగులు చేస్తే పుస్తకాల బరువుకు పలక మధ్యలో కుంగుతుంది. ఒక్కో అరకు పక్కలు రెండు, పలకలు ఐదు. 8×4 అడుగుల షీటును పొడవునా కోస్తే 10 అంగుళాల పట్టీలు నాలుగొస్తాయి. ఒక పట్టీలో రెండు పక్కలు, లేదా మూడు పలకలు. ఆ లెక్కన మూడు షీట్లకు నాలుగు అరలు తయారై ఒక పట్టీ మిగులుతుంది. ప్రతి షీటుకూ మిగిలే సన్న ముక్కను అంగుళంన్నర రీపర్లుగా కోయించి పలకల ముందంచు కింద అతికించండి, కుంగడం ఇంకా తగ్గుతుంది. ప్లైవుడ్ అంచులోకి స్క్రూ వేసేముందు 3 మి.మీ. రంధ్రం వేయాలి, లేకపోతే పొరలు విడిపోతాయి. వెనక 6 మి.మీ. ప్లైవుడ్ కొట్టందే అర పక్కకు వాలిపోతుంది.

షీటు మీద ఉండే ఐఎస్ నంబరు నాణ్యతా ప్రమాణం గుర్తు. ఐఎస్ 303లో ఎంఆర్ రకమైతే అది ఎక్కువ తడికి ఆగదు. బడిలో నేల కడిగే నీళ్లకు అడుగు ఉబ్బుతుంది. ఐఎస్ 710, అంటే మెరైన్ ప్లైవుడ్, అయితే నయం. ఏదైనా సరే, అర కింద బేతంచెర్ల నాపరాయో కడప బండో నాలుగేసి అంగుళాల ముక్కలు పెట్టండి. నీళ్లు తగలవు, చెదలు పాకితే రాయి మీద మట్టిదారి కంటబడుతుంది. గోడకు అంగుళం ఎడం వదలండి, పైభాగాన మాత్రం రెండు ఎల్ పట్టీలతో గోడకు బిగించాల్సిందే. పిల్లలు పై పుస్తకం కోసం అరనే నిచ్చెన చేసుకుంటారు. మూలలన్నీ గుండ్రంగా రుద్దండి.

పుస్తకాలకు కొదవ ఉండదు. కడపలో తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ బంగళా ఉన్నచోట గ్రంథాలయం లేవడం వెనక జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారనే అధ్యాపకుడి పట్టుదల ఉంది. అయ్యవారు అడిగితే మన జనం ఇస్తారు. అయితే డబ్బు చేతికి తీసుకోకండి. సామానే ఇమ్మనండి, బిల్లు బడి పేరున రాయించండి.

ఇంకొకటి, ఇళ్లకు ఊరికే చేసిపెట్టడం మొదలుపెడితే ఊరి వడ్రంగి పొట్ట కొట్టినట్టే. బడి, అంగన్‌వాడీ, గ్రంథాలయం దాటి పోవద్దు. కష్టమైన కుసిపనికి ఆయన్నే కూలికి పిలవండి, మీరు నేర్చుకునేదీ ఆయన దగ్గరే. పిల్లలకు కొలతలు, గీతలు, ఉప్పు కాగితం పని ఇవ్వొచ్చు, రంపం, డ్రిల్లు వద్దు. చేసిచ్చిన ప్రతి వస్తువునూ హెడ్మాస్టరు చేత స్టాక్ రిజిస్టరులో ఎక్కించండి. ఎక్కకపోతే ఒక కాలు ఊగిన రోజే అది ఆరుబయటికి పోతుంది.