విన్సెంట్ ఫెర్రర్ అంటే మన అనంతపురం ఫెర్రర్ గారేనా?

"మధ్యయుగాల్లో విన్సెంట్ ఫెర్రర్ అనే డొమినికన్ సభ (ఒక కాథలిక్ సన్యాస సభ) ప్రసంగీకుడు ఉండేవాడట, ఆయనకూ అనంతపురం ఫెర్రర్ గారికీ ఏమైనా సంబంధం ఉందా?" అని అడిగారు. ఇద్దరూ వేరు. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థను స్థాపించిన ఫెర్రర్ గారు 1920లో బార్సిలోనాలో పుట్టారు. ఆ ప్రసంగీకుడు 1350లో స్పెయిన్‌లోని వలెన్సియాలో పుట్టాడు. ఇంటిపేరు కలిసిందంటారా, ఆ ప్రాంతపు కతలాన్ భాషలో ఫెర్రెర్ అంటే కమ్మరి. అటువైపు ఆ ఇంటిపేరు వాళ్ళు బోలెడుమంది.

మీరు తికమక పడ్డారని నవ్వట్లేదు, నేనూ పడ్డాను. మాది అనంతపురం జిల్లా, ఆర్డీటీ వాళ్ళు కట్టించిన ఇంట్లోనే పెరిగాను. చదువుకోడానికి వలెన్సియా వెళ్ళిన మొదటి ఏడాది, ఈస్టర్ అయిన రెండో సోమవారం ఊరంతా సెలవు. ఎందుకని అడిగితే "సాన్ విసెంత్ ఫెర్రెర్ పండగ" అన్నారు. మన ఫెర్రర్ గారికి ఇక్కడ పండగ చేస్తున్నారని ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పాను. తీరా వెళ్ళి చూస్తే నల్ల పైవస్త్రం, పైకెత్తిన చూపుడు వేలు, వీపున రెక్కలు!

ఆ రోజు వీధుల్లో వేదికలు కట్టి, పిల్లలు ఆయన మహిమల్ని నాటకాలుగా ఆడతారు. నాకు నచ్చిన కథ ఒకటుంది. ఇక మహిమలు చెయ్యొద్దని మఠం పెద్ద ఆయనకు ఆంక్ష పెట్టాడట. అంతలో ఒక తాపీమేస్త్రి పైనుంచి జారాడు. "అక్కడే ఆగు, పర్మిషన్ తీసుకొని వస్తా" అని ఆయన మఠానికి వెళ్ళాడట. వచ్చేదాకా మేస్త్రి గాల్లోనే! అందుకే భవన నిర్మాణ కార్మికులు ఆయన్ను తమ రక్షక పునీతుడు అంటారు.

అసలు జీవితం మాత్రం ఇంత సరదాగా లేదు. 1378లో కాథలిక్ చర్చి చీలిపోయింది. అప్పటి నుంచి రోమ్‌లో ఒక పోపు, ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న అవిన్యాన్‌లో ఇంకో పోపు. విన్సెంట్ అవిన్యాన్ పక్షం. అదే డొమినికన్ సభకు చెందిన పునీతురాలు సియెన్నా కాథరీన్ రోమ్ పక్షం. 1398లో అవిన్యాన్‌లో జబ్బుపడ్డప్పుడు క్రీస్తు దర్శనమిచ్చి ప్రసంగించమన్నాడని ఆయన నమ్మాడు. మరుసటి ఏడాది బయలుదేరి, చనిపోయేదాకా ఇరవై ఏళ్ళు స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ ఉత్తర భాగం తిరిగాడు. లోకాంతం దగ్గరపడిందనేదే మాటిమాటికీ చెప్పేవాడు. కొరడాలతో తమను తామే కొట్టుకుంటూ వెంట నడిచేవాళ్ళూ ఉండేవారు.

నాకు మింగుడుపడని సంగతీ చెప్పాలి. బలవంతపు మతమార్పిడి తప్పని ఆయన అనేవాడు. కానీ యూదుల్ని విడిగా పేటల్లో ఉంచాలని, వేరే గుర్తు బట్టలు కట్టించాలని 1412లో స్పెయిన్‌లోని కాస్తీల్ రాజ్యం చేసిన చట్టాల వెనక ఆయన ప్రభావం ఉంది. పండగ నాటకాల్లో ఈ ముచ్చట నాకెక్కడా కనపడలేదు.

నేను ఆయన్ను గౌరవించేది మాత్రం ఒక్క రోజు కోసం. అవిన్యాన్ వరస పోపు పదమూడో బెనెడిక్ట్ ఆయనకు పాత స్నేహితుడు. చర్చి ఒక్కటి కావాలంటే పోపులందరూ దిగిపోవాలని విన్సెంట్ ఎంత చెప్పినా బెనెడిక్ట్ వినలేదు. చివరికి 1416 జనవరి 6న పెర్పిన్యాన్ పట్టణంలో, వలెన్సియా కూడా కలిసున్న ఆరగాన్ రాజ్యం ఇక ఆ పోపును ఒప్పుకోదన్న రాజుగారి ప్రకటనను జనం ముందు చదివింది విన్సెంటే. మూడున్నర దశాబ్దాలు వెనకేసుకొచ్చిన పక్షాన్ని, అదీ 65 ఏళ్ళు దాటాక, అంతమందిలో వదలడం చిన్న విషయం కాదు.

బెనెడిక్ట్ సముద్రంలోకి పొడుచుకొచ్చిన పెనిస్కోలా కోటకు (వలెన్సియాకు ఉత్తరాన) చేరి, 1423లో పోయేదాకా నేనే పోపునన్నాడు. ఒక ఆదివారం బస్సెక్కి చూసొచ్చాను. మొండిపట్టు పట్టినవాణ్ణి స్పానిష్‌లో "తన పదమూడులోనే ఉన్నాడు" అంటారు, ఆ మాట ఈయన వల్లే పుట్టిందని చెబుతారు. మన కుందేలుకు మూడే కాళ్ళు అన్నమాట!

విన్సెంట్ 1419 ఏప్రిల్ 5న ఇప్పటి ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతంలో, వాన్ పట్టణంలో చనిపోయాడు. సమాధి అక్కడే ఉంది. వలెన్సియా వెళ్తే ఆయన పుట్టిన ఇల్లు చూడండి, లోపల చిన్న బావి ఉంటుంది. ఆ నీళ్ళు తాగిస్తే పసిపిల్లలకు త్వరగా మాటలొస్తాయని అక్కడి నమ్మకం. మనవాళ్ళు వస పోసినట్టే.